ఆటస్థలానికి నేల: దానపత్రమా, వీలునామానా?

మా ఊరి బడి వెనుక 60 సెంట్ల చెక్క ఉండేది. రెండు వెదురు గుంజలకు వల కట్టి, సున్నంతో గీతలు గీసి, పొద్దుగూకేదాకా వాలీబాల్ ఆడేవాళ్లం. ఆసామి గట్టు మీద కూర్చుని చూసేవారు. "ఇది మీదేరా, నా తర్వాత కూడా మీదే" అని ఎన్నిసార్లు అన్నారో! ఆ మాట కాగితం మీదికి మాత్రం రాలేదు. ఆయన పోయాక వారసులు పంచుకుని ప్లాట్లు వేశారు. మేం సర్వీసు చేసే మూలలో, సున్నం గీత మీదే, హద్దురాయి పాతారు. వాళ్లను తప్పు పట్టను. నేల దానం నోటిమాటతో చెల్లదు కాబట్టి చట్టం ప్రకారం అది వాళ్లదే.

ఇప్పుడు మా నాన్న, రిటైరైన డ్రిల్లు మాస్టారు, బడి పక్కనున్న తన 40 సెంట్లు పిల్లల ఆటలకు ఇస్తానంటున్నారు. నెల రోజులుగా ఇంట్లో ఒకటే చర్చ: ఇప్పుడే దానపత్రం రాయడమా, వీలునామాలో పెట్టడమా? నా ఓటు దానపత్రానికి.

వీలునామా రాయడం తేలిక. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, మనసు మారితే తిరగరాయవచ్చు. కానీ అది అమలయ్యే రోజున రాసిన మనిషి ఉండరు. సంతకం ఆయనది కాదంటూ ఒక్కరు కోర్టుకెక్కితే, వ్యాజ్యం తేలేలోగా ఆడుకోవలసిన పిల్లలు పెళ్లీడుకొస్తారు. దానపత్రాన్ని రిజిస్టరు చేయించాలి, పుచ్చుకునేవారు దాత బతికుండగానే స్వీకరించాలి. అంటే పంచాయతీ తీర్మానం చేసి తీసుకోవాలి. కొలతలు, నాలుగు హద్దులు దాత కళ్లముందే తేలతాయి. ఎవరికైనా సందేహం వస్తే చెప్పడానికి ఆయన ఉంటారు.

"ఇచ్చేశాక నా గతేమిటి?" అన్నది పెద్దవాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదే, ఇచ్చాక ఇష్టమొచ్చినప్పుడు వెనక్కి తీసుకోలేరు. అయితే బతికినన్నాళ్లు అనుభవించే హక్కు తన దగ్గరే ఉంచుకుని రాసిన దానపత్రం కూడా చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

వీలునామాయే మేలైన సందర్భం ఒకటి ఉంది. హిందూ ఉమ్మడి కుటుంబంలో ఇంకా పంచుకోని పిత్రార్జితంలో తన వాటాను, మిగతా వాటాదారుల ఒప్పుదల లేకుండా దానం చేస్తే చెల్లదు. 1987లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అదే వాటాను వీలునామా ద్వారా ఇవ్వడానికి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం అనుమతిస్తుంది. కాబట్టి ముందుగా చూడవలసింది ఆ నేల స్వార్జితమా, ఉమ్మడిదా అని. మా నాన్నది జీతం కూడబెట్టి కొన్నది.

లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ అనే ధనికుడు రెండు దారులూ తొక్కాడు. 1896లో 3,015 ఎకరాలు నగరానికి పార్కు కోసం ఇచ్చేశాడు. 1903లో భార్య మీద కాల్పులు జరిపి జైలుకు వెళ్లాడు. తర్వాత అబ్జర్వేటరీకి, అంటే నక్షత్రాలను చూసే కేంద్రానికి, డబ్బిస్తానంటే ఆ సొమ్ము తీసుకోవద్దని అభ్యంతరాలు లేచాయి. చివరికి వీలునామాలో రాసి 1919లో పోయాడు. అబ్జర్వేటరీ 1935లో తెరిచారు. బతికుండగా ఇచ్చిన నేల అప్పటికే జనానిదైంది, వీలునామా డబ్బు మాత్రం ఫలించడానికి పదహారేళ్లు పట్టింది.

అయినా డబ్బుకు వీలునామా బాగానే కుదురుతుంది, ఎందుకంటే బతికినన్నాళ్లు ఆ డబ్బు మనకూ అవసరమే. ఇక్కడ మనవాళ్లు మరిచిపోయేది నిర్వహణ. ప్రారంభోత్సవం నాడు కొత్త నెట్టు మెరుస్తుంది, మూడో వానాకాలానికి గుంజలు తుప్పుపట్టి, ముళ్లకంపలు మోకాలెత్తు పెరుగుతాయి. 2003లో కన్నుమూసిన జోన్ క్రాక్, మెక్‌డొనాల్డ్స్ సంపన్నుడు రే క్రాక్ భార్య, ఈత కొలనులు, వ్యాయామశాలలు ఉండే కేంద్రాల కోసం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థకు సుమారు 150 కోట్ల డాలర్లు విడిచి వెళ్లారు. అందులో సగం కట్టడానికి, సగం మూలనిధికి. మన స్థాయిలో అది రెండు లక్షలే కావచ్చు, లెక్క మాత్రం అదే కావాలి. అసలు ముట్టుకోకుండా, వడ్డీతోనే సున్నం, నెట్లు కొనాలి, కలుపు తీయించాలి.

షరతుల విషయంలో జాగ్రత్త. జార్జియా రాష్ట్రంలోని మేకన్ నగరానికి సెనేటర్ బేకన్ 1911 నాటి వీలునామాలో పార్కు ఇచ్చాడు, తెల్లవారికి మాత్రమే అన్న షరతుతో. ఆ అన్యాయాన్ని కోర్టులు సాగనివ్వలేదు. షరతు లేకుండా పార్కు ఇవ్వడం ఆయన ఉద్దేశం కాదంటూ నేలను వారసులకు తిప్పి ఇవ్వడాన్ని 1970లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. పార్కు పోయింది. అందుకే మా పత్రంలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ, ఏ కులం వారికైనా అని రాయిస్తున్నాం. వేరే కట్టడం కట్టకూడదన్న ఒక్క షరతే పెడుతున్నాం. దాన్ని మీరితే నేల మాకు తిరిగి రాకుండా బడికి చెందేలా రాయమని వకీలును అడిగాం.

ముసాయిదాలో నాన్న తన చేత్తో రెండు మాటలు చేర్చారు. ఒకటి, తూర్పు వైపు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పున వాలీబాల్ కోర్టు. రెండోది, పడమటి గట్టున ఉన్న రెండు కొబ్బరిచెట్ల కాయలు తాను బతికినన్నాళ్లు తనవి.