లాంగ్ టర్మ్ పెట్టాలా, దొరికిన సీటులో చేర్పించాలా?

మెడికల్ సీట్ల కోసం రాసే నీట్ రిజల్ట్ వచ్చిన తెల్లారి నుంచి కౌన్సెలింగ్ మొదటి విడత అయ్యేదాకా నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకటే. పరకాల నుంచైనా, హుజూరాబాద్ నుంచైనా, తొర్రూరు నుంచైనా అడిగేది ఇదే: "సార్, లాంగ్ టర్మ్ పెట్టియ్యాల్నా, దొరికిన సీటుల చేర్పియ్యాల్నా?" లాంగ్ టర్మ్ అంటే ఇంటర్ అయ్యాక ఇంకో ఏడాది కోచింగ్ తీసుకుని మళ్లీ నీట్ రాయడం. హన్మకొండలో బైపీసీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను కాబట్టి అడుగుతారు. ఐదు నిమిషాల ఫోన్లో తేలే సంగతి కాదిది. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మార్కుల లెక్క గురించి. "మావాడికి 420 వచ్చినయ్, ఇంకో 60 తెచ్చుకుంటే సీటే కదా సార్" అని చాలామంది తల్లిదండ్రులు కూడికలు వేసుకుంటారు. ఆ కూడిక నిలబడదు. 2024లో 720కి 720 తెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. 2025లో దేశం మొత్తం మీద టాప్ మార్కే 686. జనరల్ క్వాలిఫయింగ్ మార్కు 2024లో 162 ఉంటే 2025లో 144కి పడిపోయింది. పేపర్ కష్టంగా వస్తే సీటు వచ్చే మార్కు కిందికి దిగుతుంది, తేలిగ్గా వస్తే పైకి పోతుంది. కాబట్టి మార్కులు పక్కన పెట్టి ర్యాంకు చూడండి. మన రాష్ట్రంలో మెడికల్ కౌన్సెలింగ్ చేసే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ప్రతి విడత తర్వాత కాలేజీల వారీగా అలాట్‌మెంట్లు పెడుతుంది. అందులో మీ కేటగిరీలో చివరి సీటు ఏ ర్యాంకు దాకా వెళ్లిందో వెతకండి. బీసీ-డీ అబ్బాయి బీసీ-బీ వాళ్ల ర్యాంకు చూసుకుని సంబరపడటం, ఓసీ వాళ్ల ర్యాంకు చూసుకుని దిగులుపడటం రెండూ దండగే.

ఇంకో మాట. 2014లో తెలంగాణ మొత్తానికి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఐదే. మన చుట్టుపక్కలే చూడండి: 2022లో మహబూబాబాద్, మరుసటి ఏడాది జనగామ, భూపాలపల్లి, 2024లో ములుగు, నర్సంపేట వచ్చాయి. "ఏటా సీట్లు పెరుగుతున్నయ్, వచ్చే ఏడాది మనకూ వస్తది" అనే ధైర్యం ఆ ఊపులో పుట్టిందే. ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాకూ కాలేజీ వచ్చేసింది. ఇక ముందూ అదే వేగంతో సీట్లు పెరుగుతాయని ఒక పిల్లవాడి ఏడాదిని పణంగా పెట్టొద్దు.

ఇక నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద విషయం. ఎన్ని మార్కులు వచ్చాయన్న దానికంటే, పోయిన మార్కులు ఎక్కడ పోయాయి, ఎందుకు పోయాయి అన్నదే లాంగ్ టర్మ్ పనికొస్తుందో లేదో చెప్తుంది. ఇది ఊహించి చెప్పాల్సిన పని లేదు. ఓఎంఆర్ షీటు కాపీ, ఫైనల్ కీ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ ఇస్తుంది. ప్రశ్నపత్రం బుక్‌లెట్ పిల్లల దగ్గరే ఉంటుంది, రఫ్ వర్క్ అంతా అందులోనే ఉంటుంది. ఈ మూడూ పట్టుకుని ఒక పూట కూర్చుంటే చాలు.

అలా ఒక అమ్మాయితో కూర్చున్న రోజు చెప్తాను. పరకాల దగ్గర పల్లెటూరు. మొత్తం 397 వచ్చాయి. బయాలజీలో 90 ప్రశ్నలకు 74 కరెక్ట్, 12 తప్పు. కెమిస్ట్రీలో 26 కరెక్ట్, 11 తప్పు. ఫిజిక్స్‌లో 45కి 11 మాత్రమే కరెక్ట్, 24 తప్పు, పది వదిలేసింది. కరెక్టుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. అంటే 44లోంచి 24 పోగా ఫిజిక్స్‌లో చేతికి వచ్చింది ఇరవై మార్కులు. వాళ్ల నాన్న "ఫిజిక్స్ రాదు సార్ ఈమెకు" అన్నాడు. బుక్‌లెట్ తెరిచి ఆ 24 తప్పులూ ఒక్కొక్కటి చూశాం. ఐదు మాత్రమే అసలు తెలియనివి. తొమ్మిది గుడ్డిగా పెట్టినవి. మిగతా పదింట్లో ఫార్ములా కరెక్టుగానే రాసింది, లెక్క దగ్గర తప్పింది. కెపాసిటర్ లెక్కలో మైక్రోఫారడ్‌ని ఫారడ్‌లోకి మార్చకుండానే గుణించింది. ఇంకోచోట వెక్టర్ల మధ్య కోణం 60 డిగ్రీలు ఇస్తే సైన్ వేయాల్సినచోట కాస్ వేసింది.

ఇది ఫిజిక్స్ రాకపోవడం కాదు, లెక్కలు ఆగిపోవడం. మన బైపీసీ పిల్లలకు పదో తరగతితోనే మ్యాథ్స్ అయిపోతుంది. ఇంటర్ ఫిజిక్స్ మొదలుపెట్టగానే వెక్టర్లు, ట్రిగొనామెట్రీ, లాగరిథమ్స్, కాస్త కాలిక్యులస్ కావాలి. అవన్నీ రెండు వారాల్లో గబగబా చెప్పేసి ముందుకు వెళ్తాం. ఇంటర్ బోర్డు పరీక్షల్లో (ఐపీఈ) లాంగ్ ఆన్సర్లు బట్టీపట్టి రాస్తే మార్కులు వస్తాయి కాబట్టి ఈ లోటు రెండేళ్లూ బయటపడదు. నీట్ రోజు 180 నిమిషాల్లో 180 ప్రశ్నల ముందు కూర్చున్నప్పుడు బయటపడుతుంది. ఇలాంటి లోటును పూడ్చడానికి ఏడాది నిజంగా సరిపోతుంది. మొదటి రెండు నెలలు రోజూ గంట లెక్కల మీద పెట్టి, తర్వాత మెకానిక్స్ మొదటి నుంచి చేసుకుంటూ వస్తే ఫిజిక్స్ దారికొస్తుంది. ఆ అమ్మాయిని లాంగ్ టర్మ్‌లో పెట్టమని నేనే గట్టిగా చెప్పాను. మరుసటి ఏడాది ఫిజిక్స్‌లో వంద దాటాయి, ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చింది.

తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఇంగ్లిష్‌కు మారిన పిల్లలది కూడా ఇలాంటి కథే. ఫస్టియర్ సగం భాష అలవాటు కావడానికే పోతుంది. ఆ ఫస్టియర్ పాఠాలే నీట్‌లో దాదాపు సగం. అలవాటైన భాషతో అవే పాఠాలు రెండోసారి చదివితే తేడా కనిపిస్తుంది. వీళ్లకు డబ్బు అడ్డమైతే గురుకులాల్లో కొన్నిచోట్ల ఉచితంగా లాంగ్ టర్మ్ ఉంది, నోటిఫికేషన్ కోసం కనిపెట్టుకుని ఉండండి.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే పిల్లలూ ఉంటారు. మూడు సబ్జెక్టుల్లోనూ సమానంగా పోయి ఉంటాయి. బయాలజీలో కూడా, అదీ ఎన్‌సీఈఆర్‌టీలో ఉన్న వాక్యం మీద అడిగిన ప్రశ్న కూడా తప్పుతుంది. అలాంటప్పుడు పుస్తకం పక్కన పెట్టి పిల్లవాడితో విడిగా మాట్లాడాలి, తల్లిదండ్రులు లేకుండా. రెండేళ్లు కష్టపడి చదివినా ఇంతే వచ్చాయా, లేక చదవలేదా? చదవకపోతే ఎందుకు? ఫోనా, ఆరోగ్యమా, ఇంట్లో గొడవలా, అసలు డాక్టర్ చదువే ఇష్టం లేదా? ఆ కారణం ఇప్పటికీ అట్లనే ఉంటే లాంగ్ టర్మ్ హాస్టల్ దాన్ని తీసేయదు. నాలుగు గోడల మధ్య తెల్లవారుజామున ఐదున్నర నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెట్టినంత మాత్రాన చదువు మీద ఇష్టం పుట్టదు. ఇలాంటి పిల్లలకు దొరికిన సీటే మేలు అని నేను మొహమాటం లేకుండా చెప్తాను. చెప్పినందుకు కొందరు నాతో మాట్లాడటం మానేశారు కూడా.

పిల్లవాడికే పట్టుదల గట్టిగా ఉందా లేదా అన్నది జూన్‌లో తెలియదు. జూన్‌లో అందరూ కసిమీదే ఉంటారు. అది తెలిసేది బతుకమ్మ, దసరా సెలవుల్లో. హాస్టల్ నుంచి ఇంటికి వస్తారు. తోటి పిల్లలు మెడలో కాలేజీ ఐడీ కార్డులతో, కొత్త స్నేహితుల ముచ్చట్లతో ఉంటారు. సద్దుల బతుకమ్మ రోజు చుట్టాలంతా చేరతారు. ఒక పెద్దమ్మ మామూలుగానే అడుగుతుంది: "ఇప్పుడు ఏం చదువుతున్నవ్ బిడ్డా?" "లాంగ్ టర్మ్" అని చెప్పాక వచ్చే ఆ రెండు క్షణాల నిశ్శబ్దాన్ని చాలామంది పిల్లలు తట్టుకోలేరు. సెలవులయ్యాక హాస్టల్‌కు తిరిగి వెళ్లనని ఏడ్చిన పిల్లలు నాకు తెలుసు. లాంగ్ టర్మ్ పెడుతున్నామంటే ఇంట్లోవాళ్లు ఈ ఒక్క పని మాత్రం తప్పకుండా చెయ్యాలి: ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే పిల్లలకంటే ముందే తల్లో తండ్రో తలెత్తి జవాబు చెప్పాలి. మధ్యలో ఫోన్ చేసినప్పుడల్లా "ఎంతొచ్చినయ్ గ్రాండ్ టెస్టుల" అని మొదలుపెట్టడం మానాలి. అన్నం తిన్నావా అని అడగండి చాలు.

దొరికిన సీటు అంటే ఏ సీటు అన్నది కూడా ముఖ్యమే. వెటర్నరీ సీటు చేతిలో ఉండి లాంగ్ టర్మ్ ఆలోచన చేస్తున్నారంటే నాకు బాధగా ఉంటుంది. మన మామునూరులోనే వెటర్నరీ కాలేజీ ఉంది. ఎంబీబీఎస్ లాగే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువు, బయటికి వచ్చాక డాక్టరే. పాడి మీద బతికే పల్లెల్లో ఆ డాక్టర్ విలువ ఏంటో నేను చెప్పక్కర్లేదు. అగ్రికల్చర్ బీఎస్సీ కూడా అంతే. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ర్యాంకు ఉండి, ఇంట్లో భూమి ఉండి, రైతు కోటాలో సీటు వచ్చే అవకాశం ఉంటే దాన్ని కాదనుకునే ముందు రెండుసార్లు ఆలోచించండి. ఈ రెండింట్లో ఏదైనా చేతిలో ఉంటే, ఫిజిక్స్ లోటు ఉన్న పిల్లలకు కూడా నేను చేరమనే చెప్తాను. బీడీఎస్ సంగతి వేరు. పళ్ల డాక్టర్ కావాలని ఉంటే హాయిగా చేరొచ్చు. చేరి మళ్లీ నీట్ రాద్దామని మాత్రం చేరొద్దు. మధ్యలో మానేస్తే బాండ్ ప్రకారం డబ్బు కట్టాలి, సర్టిఫికెట్లు అక్కడ ఉంటాయి.

డిగ్రీలో చేరి పక్కన నీట్‌కు చదవడం రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే. దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) సీటు తీసుకుని ఇంట్లోనే ఉండి సాధించినవాళ్లు లేరని కాదు, చాలా తక్కువ. ప్రైవేట్ మెడికల్ కాలేజీలో బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్) సీటుకు ఏటా పది లక్షలకు పైగా కట్టగలిగితే ఈ చర్చే అక్కర్లేదు. పొలం అమ్మి మాత్రం వద్దు. విదేశాల్లో ఎంబీబీఎస్‌కు పంపాలంటే తిరిగొచ్చాక ఇక్కడ ప్రాక్టీసుకు అర్హత ఇచ్చే ఎఫ్‌ఎంజీఈ పరీక్ష పాసవ్వాలని, ఇక్కడ మళ్లీ ఇంటర్న్‌షిప్ చెయ్యాలని తెలుసుకుని పంపండి.

ఎంపీసీ పిల్లలకు నా జవాబు చాలావరకు "చేరిపోండి" అనే. ఎప్‌సెట్‌లో ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు కాబట్టి రెండోసారి రాస్తే ర్యాంకు మారొచ్చు, కానీ ఒక కాలేజీ నుంచి దానికంటే కాస్త మంచి కాలేజీకి వెళ్లడానికి ఏడాది ఇవ్వడం నాకు నచ్చదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ కోసమైతే వరసగా రెండేళ్లే అవకాశం, మెయిన్‌కు మూడేళ్లు. ఎన్ఐటీ వరంగల్‌లో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే ఉంటాయి కాబట్టి కొద్దిలో తప్పిపోయినవాళ్లు ఒక్కసారి ప్రయత్నించొచ్చు. అంతకుమించి వద్దు.

నీట్‌కు ఎన్నిసార్లు రాయాలన్న హద్దు లేదు, 2022 నుంచి గరిష్ఠ వయసు కూడా తీసేశారు. ప్రభుత్వం పెట్టని ఆ హద్దు ఇంట్లో మీరే పెట్టుకోవాలి. లాంగ్ టర్మ్‌లో చేర్పించే రోజే పిల్లవాడితో కూర్చుని చెప్పుకోండి: ఒక్క ఏడాది, ఆ తర్వాత ఏ సీటు వస్తే అందులో చేరుతాం. మూడోసారి, నాలుగోసారి రాస్తున్న పిల్లలు హన్మకొండ నయీంనగర్ హాస్టళ్లలో నాకు కనిపిస్తూనే ఉంటారు. తమ్ముడో చెల్లెలో వాళ్లను దాటి డిగ్రీ పూర్తి చేసేస్తున్నా వాళ్లకు ఆగడం ఎట్లనో తెలియడం లేదు.

హన్మకొండలో పెట్టాలా, హైదరాబాద్ పంపాలా అంటే నాకు హన్మకొండే ఇష్టం. ఆదివారం అమ్మ వచ్చి వెళ్లేంత దూరంలో ఉంటే పిల్లలు నిలబడతారు. ఎక్కడ పెట్టినా హాస్టల్‌తో కలిపి లక్ష దాటుతుంది. డబ్బు కట్టేముందు ఆఫీసులో కూర్చున్నవాళ్లను కాకుండా అక్కడ చదువుతున్న పిల్లల్ని అడగండి: సాయంత్రం డౌట్స్ చెప్పడానికి ఫిజిక్స్ సార్ నిజంగా కూర్చుంటారా, ఎంతసేపు, ఒక్కరికి ఎన్ని నిమిషాలు? సెక్షన్‌లో ఎంతమంది? ఇంటర్ ఒరిజినల్ మెమో, టీసీ అడిగితే ఇవ్వొద్దు, జిరాక్స్ ఇవ్వండి. నాకు తెలిసిన ఒక కోచింగ్ సెంటర్లో నవంబర్‌లో మానేసిన పిల్లవాడి మెమోను వాళ్ల నాన్న మిగతా ఫీజంతా కట్టాకే ఇచ్చారు.