సెక్షన్‌కి ఇరవై మందే అని చెప్పే చిన్న స్కూళ్లతో జాగ్రత్త

వచ్చే జూన్‌లో పిల్లల్ని ప్రైమరీలో వేద్దామని స్కూళ్ల చుట్టూ తిరుగుతున్నవాళ్లు ఇది చదివాకే ఫీజు కట్టండి. స్కూల్ పేరు రాయను. మాది హైదరాబాద్‌లో బాచుపల్లి వైపు, కానీ విజయవాడలో ఉండే మా వదినకు కూడా అక్కడి స్కూల్లో అచ్చం ఇవే మాటలు చెప్పారట, కాబట్టి ఇది ఒక్క స్కూల్ సంగతి కాదు.

మాకు చెప్పింది ఇదీ. స్కూల్ మొత్తం కలిపి రెండొందల లోపే పిల్లలు, సెక్షన్‌కి ఇరవై దాటనివ్వం, టీచర్ స్టూడెంట్ రేషియో వన్ ఈజ్ టు ట్వెల్వ్. "పెద్ద క్యాంపస్‌లో మీ పాప ఎవరో కూడా తెలీదు మేడమ్, ఇక్కడ వాచ్‌మన్‌కి కూడా పేరుతో సహా తెలుస్తుంది" అని కౌన్సెలర్ నవ్వుతూ చెప్పింది. గదులు కూడా చూపించారు, ఎక్కడ చూసినా ఖాళీగా, గాలీ వెలుతురుతో బాగానే ఉన్నాయి. సంక్రాంతి లోపు చేరితే అడ్మిషన్ ఫీజులో తగ్గింపు అన్నారు.

జూన్, జూలై నిజంగానే బాగా గడిచాయి. ఆగస్టులో మా పాప చదివే రెండో తరగతిలో బి సెక్షన్ టీచర్ మానేసింది. కొత్త టీచర్ వచ్చేదాకా అని తాత్కాలికంగా రెండు సెక్షన్లూ కలిపేశారు, అది కూడా మాకు చెప్పలేదు, పాప ఇంటికొచ్చి ఇద్దరు కూర్చునే బెంచీలో ముగ్గురం కూర్చుంటున్నాం అంటే తెలిసింది. దసరా సెలవుల తర్వాత చూస్తే డైరీ మీద రోల్ నంబర్ 14 కొట్టేసి 33 అని రాసి ఉంది. అంటే బి సెక్షన్ అనేదే ఇక లేదన్నమాట. తెలుగు నోట్‌బుక్ తెరిస్తే పేజీ నిండా "అక్క" అని రాయాల్సిన చోట ఒత్తు లేకుండా "అక" అని పది వరసలు, ప్రతి వరసకీ ఎర్ర టిక్కు, కింద వెరీ గుడ్ అని స్టాంపు. ఆ టీచర్‌ని నేనేమీ అనను, రెండు సెక్షన్ల పుస్తకాలు ఒక్క మనిషి మధ్యాహ్నం అన్నం తినే టైమ్‌లో దిద్దితే అలాగే ఉంటుంది.

ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్లి అడిగితే ఆవిడ ఏమాత్రం తడబడకుండా "మా రేషియో ఇప్పటికీ వన్ ఈజ్ టు ఫిఫ్టీన్ లోపే ఉంది" అంది. ఎలాగమ్మా అని మా ఆయన స్టాఫ్ లిస్టు అడిగితే అసలు సంగతి బయటపడింది. డ్యాన్స్ మాస్టారు, వారానికి రెండు రోజులే వచ్చే కరాటే సార్, పీఈటీ, కంప్యూటర్ మేడమ్, ఆఖరికి మాకు అడ్మిషన్ అమ్మిన ఆ కౌన్సెలర్ కూడా "అకడమిక్ కోఆర్డినేటర్" పేరుతో టీచర్ల లెక్కలోనే ఉంది! పిల్లల సంఖ్యని వీళ్లందరితో భాగిస్తే వచ్చిన అంకె అది. మీ పిల్ల కూర్చునే గదికీ ఆ అంకెకీ ఏ సంబంధమూ లేదు.

చట్టం చూసుకుంటుందిలే అనుకునేవాళ్లకి ఒక మాట. విద్యాహక్కు చట్టం, 2009లో ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న బడికి టీచర్ల లెక్క స్కూల్ మొత్తం మీదే ఉంటుంది. 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు. ముప్ఫై మందికి ఒకరు అంటే వినడానికి బాగుంటుంది, కానీ తరగతులు ఐదు, టీచర్లు ఇద్దరు. బడి ఎంత చిన్నదైతే రెండు మూడు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టే అవకాశం అంత ఎక్కువ. మా అత్తగారి ఊళ్లో ప్రభుత్వ బడిలో పదిహేను మంది పిల్లలు, ఒక్కరే సారు. కాగితం మీద ఏ ఇంటర్నేషనల్ స్కూల్‌కీ లేని రేషియో అది! ఆ సారు మంచివాడే పాపం, కానీ ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి వాళ్లు ఖాళీగా కూర్చుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టి తరగతికి ఒక టీచర్ అన్నది కూడా ఈ బాధ చూసే కదా.

పెద్ద స్కూల్లో వేస్తే సరిపోతుంది అని కూడా నేను చెప్పట్లేదు. మా చెల్లి కొడుకు చదివేచోట ఒక్కో తరగతికి ఎనిమిది సెక్షన్లు, ప్రతి దాంట్లో 40 మంది (సీబీఎస్ఈ పెట్టిన హద్దు కూడా అదే), పైగా మార్కుల్ని బట్టి ఏటా సెక్షన్లు మారుస్తారు, వాడికి ఏ స్నేహితుడూ ఏడాదికి మించి మిగలడు. కానీ ఒక టీచర్ మానేస్తే మర్నాటికి ఇంకొకరిని సర్దగలరు. చిన్న స్కూల్‌కి ఆ దన్ను ఉండదు, ఒక్కరు వెళ్తే క్లాసే పోతుంది. నన్నడిగితే స్కూల్లో మొత్తం ఎంతమంది అన్నది కాదు, గదిలో ఎంతమంది అన్నదే చూడాలి. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో 1985లో మొదలుపెట్టి నాలుగేళ్లు చేసిన పరిశీలనలో 13 నుంచి 17 మంది ఉన్న గదుల్లో చిన్నపిల్లలు 22 నుంచి 25 మంది ఉన్న గదుల వాళ్లకన్నా బాగా చదివారని తేలింది, పెద్ద గదిలో ఒక సహాయకురాలిని అదనంగా పెడితే మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. "పిల్లలు ఎక్కువైనా అసిస్టెంట్ టీచర్ ఉంటుంది మేడమ్" అని ఎవరైనా అంటే ఇది గుర్తుపెట్టుకోండి.

రేషియో ఎంత అని అడగనే అడగొద్దు. రెండో తరగతిలో ఎన్ని సెక్షన్లు, ఈ రోజు హాజరు రిజిస్టర్‌లో ఎన్ని పేర్లున్నాయి, పోయిన జూన్‌లో ఉన్న క్లాస్ టీచర్లలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, సెక్షన్లు కలిపితే ఫీజు తగ్గిస్తారా అని అడగండి. చివరి ప్రశ్నకి మొహం చూస్తే చాలు. స్కూల్ యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే నంబర్) అడిగి తీసుకోండి, 11 అంకెలుంటాయి, దాంతో కేంద్ర ప్రభుత్వ సైట్‌లో ఆ స్కూల్‌లో పిల్లలెంతమంది, టీచర్లెంతమంది అన్నది చూడొచ్చు. సీబీఎస్ఈ గుర్తింపు నిజంగా ఉన్న స్కూలైతే టీచర్ల సంఖ్య, సెక్షన్‌కి ఎంతమంది టీచర్లన్నది సొంత వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి, అది కనబడకపోతే ముందు ఆ గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి. వీలైతే జూన్‌లో కాదు, దసరా దాటాక వెళ్లి చూడండి, గేటు దగ్గర వేరే తల్లిదండ్రులని ఒక నోట్‌బుక్ చూపించమనండి.

ఇంక డబ్బు సంగతి. ఏడాది ఫీజు ఒకేసారి కడితే పది శాతం తగ్గింపు అని మాతో మొత్తం కట్టించుకున్నారు. సెక్షన్లు కలిపేశారు కాబట్టి పాపని మాన్పిస్తాం, మిగతా నెలల డబ్బు ఇవ్వండి అంటే స్కూల్ ఆఫీసులో ఫీజులు చూసే ఆయన రసీదు తిరగేసి, వెనకాల లేత బూడిద రంగులో అచ్చేసిన "కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు" అన్న లైన్ చూపించాడు. ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అర్జీ ఇచ్చి స్టాంపు వేయించుకున్నాం, చూడాలి. మీరు మాత్రం టర్మ్ వారీగానే కట్టండి, సెక్షన్‌కి ఎంతమందో అడ్మిషన్ ఫారం మీదే రాయించి సంతకం పెట్టించుకోండి. రాయడం కుదరదు అంటే రిజిస్ట్రేషన్ డబ్బులు పోయినా ఫరవాలేదు, లేచి వచ్చేయండి.