కేంబ్రిడ్జ్ కాలేజీల్లో కాపురం

కేంబ్రిడ్జ్‌లో సీటొచ్చిందని ఫోన్ చేసే మనవాళ్లంతా ముందు అడిగేది "ఏ కాలేజీ మంచిదక్కా?" అనే. పీహెచ్‌డీకి వచ్చి ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయినదాన్ని కాబట్టి ధైర్యంగా చెప్తాను: కాలేజీ వయసు చూడకండి, వంటగది చూడండి.

మన అనుబంధ కాలేజీల లెక్క ఇక్కడ పనికిరాదు. లెక్చర్లు, ల్యాబులు, పరీక్షలు, డిగ్రీ అన్నీ యూనివర్సిటీవి. గది, భోజనం, బాగోగులు కాలేజీవి. డిగ్రీ పిల్లల్ని ఎంపిక చేసేదీ, ఒకరిద్దరిని కూర్చోబెట్టి పాఠం చర్చించే సూపర్‌విజన్లు పెట్టేదీ కూడా కాలేజీయే. మొత్తం 31 ఉన్నాయి. దేని ఆస్తి దానిది, దేని రూల్స్ దానివి. అందుకే ఒకే ల్యాబులో పనిచేసే ఇద్దరి గది అద్దెలకు పొంతన ఉండదు.

అన్నిటికన్నా పాతది పీటర్‌హౌస్, 1284లో దగ్గర్లోని ఈలీ ఊరి బిషప్ పెట్టింది. కింగ్స్ కాలేజీ చాపెల్ (ప్రార్థనా మందిరం) కట్టడం 1446లో మొదలైతే 1515 దాకా సాగింది. మధ్యలో సింహాసనం కోసం కొట్లాటలు, డబ్బులకు కటకట. కట్టమంచి రామలింగారెడ్డి గారు చదివిన సెయింట్ జాన్స్ 1511 నాటిది. ఆడవాళ్ల కోసం 1869లో మొదలైన గర్టన్ మాత్రం ఊరికి ఎడంగా ఉంటుంది. అక్కడ సీటొచ్చినవాళ్లు చలిగాలికి సైకిల్ తొక్కలేక తిట్టుకుంటారు. ఆ దూరం కావాలని పెట్టిందే, మగపిల్లలకు దగ్గరైతే బాగుండదని. ఆడవాళ్లకు పూర్తి స్థాయి డిగ్రీలు ఇచ్చింది 1948లో! అంత చదువుకున్న ఊరికి అంత ఆలస్యమెందుకైందో.

నేనున్నది పాత కాలేజీల్లో ఒకటి. ఫొటోలకు అద్భుతం. హీటర్ కాలేజీవాళ్లు అనుకున్న వేళకే వెలుగుతుంది, బాత్రూం కింది అంతస్తులో. వంటగదిలో రెండు హాట్‌ప్లేట్లు. తాలింపు వేస్తే ఫైర్ అలారం మోగి అందరూ చలిలో బయట నిలబడాలి. ట్రినిటీ కాలేజీలో రామానుజన్ తన గదిలోనే వండుకు తిన్నాడంటే నాకేమీ వింత కాదు. ఫార్మల్ హాల్ అనే లాంఛనపు విందులో గౌను, లాటిన్ ప్రార్థన, ఎత్తు మీద ఫెలోల (కాలేజీ పెద్ద మాస్టార్ల) హై టేబుల్ ఒకసారి చూడ్డానికి సరదాగా ఉంటాయి. కూరల్లో ఉప్పూకారం వెతకొద్దు.

అయినా ఆ భోజనాల బల్లే నాకు కాలేజీ ఇచ్చిన అసలు లాభం. డిపార్ట్‌మెంట్‌లో అందరం ఒకే గోల. ఇక్కడ పక్కన సంగీతం చదివేవాడు, ఎదురుగా భూకంపాల మీద పనిచేసే అమ్మాయి. అర్ధరాత్రి తాళం మర్చిపోతే తలుపు తీసే పోర్టర్లు (గేటు దగ్గరుండే కాలేజీ సిబ్బంది) సరేసరి, వాళ్లకు తెలియని విషయం ఉండదు.

పీజీకి, పీహెచ్‌డీకి వచ్చేవాళ్లు డార్విన్, వుల్ఫ్‌సన్ లాంటివి చూడండి. రెండూ 1960లలో పుట్టినవే. వుల్ఫ్‌సన్‌లో హై టేబులే లేదు, ప్రొఫెసర్ పక్కనే కూర్చుని తినొచ్చు. ఫారంలో రెండు కాలేజీలు రాయొచ్చు. రెండూ కాదంటే ఇంకోటి చూపిస్తారు, టెన్షన్ వద్దు. రైస్ కుక్కర్ సర్దుకునే ముందు మాత్రం రూల్స్ చదవండి, కొన్నిచోట్ల గదిలో పెట్టనివ్వరు.