తాతగారి వేట రైఫిల్: అలాగే ఉంచడమా, కొత్తగా చేయించడమా, అమ్మేయడమా?

పాత వేట రైఫిల్‌ను ఒంటి చేత్తో ఎత్తి, తూకం నిలిచే చోట, అంటే తూటాలు పెట్టే మ్యాగజైన్ అడుగు పలక దగ్గర చూడండి. నలుపు పూత అరిగిపోయి ఉక్కు బూడిదరంగులో నున్నగా మెరుస్తుంటుంది. గొట్టాన్ని వెనక నుంచి మూసే బోల్ట్ పిడి చివర గుండు కూడా అంతే. ఏళ్ల తరబడి ఒకే చెయ్యి అక్కడ పట్టుకుని నడిచిన గుర్తు అది. ఇంట్లోవాళ్లకు అది తాతగారి చెయ్యి. పాత తుపాకులు సేకరించేవాళ్లకు, పూత మొదటిదేననీ తర్వాత ఎవరూ మళ్లీ రంగెక్కించలేదనీ చెప్పే సాక్ష్యం. ఈ అరుగుదల దగ్గర డబ్బు విలువా మమకారమూ ఒక్కచోటే ఉన్నాయి. చాలా ఇళ్లలో మొదట తోచే ఆలోచన "కొత్తదానిలా మెరిపిద్దాం" అన్నది. రెండింటినీ ఒకేసారి పోగొట్టేది కూడా అదే.

ఏ దారి పట్టినా ముందు చేయాల్సినవి రెండున్నాయి. ఒకటి, తుపాకి ఖాళీగా ఉందో లేదో చూడటం. గొట్టాన్ని మనుషుల్లేని వైపు తిప్పి, మ్యాగజైన్ తీసి, బోల్ట్ పూర్తిగా వెనక్కి లాగి, తూటా కూర్చునే చాంబర్‌లోకి కళ్లతో చూసి, చిటికెన వేలితో తడిమి చూడాలి. గొట్టం కింద ఇంకో సన్నని గొట్టంలా మ్యాగజైన్ ఉండే లీవర్ రైఫిళ్లలో స్ప్రింగ్ బలహీనపడి తూటా మధ్యలో ఇరుక్కుపోతుంటుంది. లీవర్ ఒకసారి ఆడించి ఏమీ రాలేదని ఊరుకోకూడదు. రెండోది చట్టం. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. ధర కట్టించడానికైనా సరే, లైసెన్సు సంగతి సంబంధిత అధికారులతో తేల్చుకున్నాకే రైఫిల్‌ను ఇల్లు దాటించాలి.

ధర దేన్ని బట్టి వస్తుంది

పాతదనం ఒక్కటే ధర తేదు. అమెరికన్ కంపెనీ విన్‌చెస్టర్ 1894 మోడల్ డెబ్బై లక్షలకు పైగా తయారైంది. మామూలు స్థితిలో ఉన్నది ఎంత పాతదైనా అరుదైనది కాదు. అదే కంపెనీ 1936లో తెచ్చిన మోడల్ 70ని చూడండి. 1964లో ఖర్చు తగ్గించడానికి దాని నిర్మాణం మార్చారు. తూటా అంచును పట్టి లాగే పొడవాటి పంజా లాంటి ఎక్స్‌ట్రాక్టర్ అప్పుడు పోయింది. అందుకే "ప్రీ-64" (1964కు ముందుది) అన్న మాటకు ఇప్పటికీ గిరాకీ. చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉండే రెండు రైఫిళ్లలో ఒకదానికి ఎందుకు ఎక్కువ పలుకుతుందో సీరియల్ నంబర్ చూస్తేనే తెలుస్తుంది.

జర్మన్ సైనిక రైఫిల్ మౌజర్ 98ది ఇంకో కథ. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మిగిలిపోయిన సైనిక రైఫిళ్లను చవగ్గా కొని, చెక్క కోసి, గొట్టం పొట్టి చేసి, టెలిస్కోప్ కోసం రంధ్రాలు వేసి వేటకు వాడుకున్నారు. ఇలా మార్చినవి వేటకు బాగానే పనికొస్తాయి. సేకరించేవాళ్ల లెక్కలో మాత్రం చాలావరకు విడిభాగాల కింద జమ. జర్మనీలోని ఒబెర్న్‌డోర్ఫ్ ఫ్యాక్టరీ మొదటినుంచీ వేట కోసమే చేసిన మౌజర్, రిగ్బీ, హాలండ్ అండ్ హాలండ్ లాంటి లండన్ తయారీదారులవి అయితే సంగతి వేరు.

ఆ పైన చూసేవి: బోల్ట్ మీదా, దాన్ని పట్టి ఉంచే లోహభాగమైన రిసీవర్ మీదా నంబర్లు కలుస్తున్నాయా, పూత అసలుదేనా, స్టాక్ (చెక్క భాగం) కోశారా, ఫ్యాక్టరీ వేయని రంధ్రాలు ఉన్నాయా, గొట్టం లోపల మెలి గాడులు పదునుగా ఉన్నాయా. చివర్లో కాగితాలు. మొదటి రసీదు, పాత లైసెన్సు, ఆ రైఫిల్ స్పష్టంగా కనిపించే ఫొటో ఉంటే వేరుచేయకండి. పాత విన్‌చెస్టర్లకు అమెరికాలో వయోమింగ్‌లోని కోడీ మ్యూజియం ఫ్యాక్టరీ రికార్డులు చూసి ఉత్తరం ఇస్తుంది.

మరి తాతగారి పేరు? కొనేవాడు దానికి డబ్బివ్వడు. ఇది మనసుకు కష్టంగా ఉంటుంది గానీ ముందే తెలిసి ఉండటం మంచిది. అందరికీ తెలిసిన మనిషైతే, అది రాతపూర్వకంగా రుజువైతే తప్ప, ఇంటి కథ ధరలో కలవదు. స్టాక్ మీద చెక్కుకున్న పొడి అక్షరాలు ఇంటికి అపురూపం, బజారులో లోపం.

అలాగే ఉంచడం

ఎక్కువ ఇళ్లకు ఇదే మేలు. ఎందుకంటే ఇలా వచ్చే రైఫిళ్లలో ఎక్కువ భాగం మామూలువే. అమ్మితే వచ్చేది ఇంట్లోవాళ్లు ఊహించినదానికన్నా తక్కువ, పోయేది మళ్లీ కొనలేనిది. అలాగని తుప్పు పట్టనివ్వమని కాదు. ఎర్రగా పొడిలా రాలే తుప్పు ఇంకా తింటూనే ఉంటుంది, దాన్ని ఆపాలి. నూనె రాసి ఒక రోజు నాననిచ్చి, అన్నిటికన్నా సన్నదైన 0000 నంబరు స్టీల్ ఊల్‌ను నూనెలో ముంచి, మొదట కనబడని మూల, బలం పెట్టకుండా రుద్ది చూడాలి. గోధుమరంగులోకి తిరిగి గట్టిపడిన పాత పొరను ముట్టుకోవద్దు.

స్క్రూలు విప్పేటప్పుడు మామూలు స్క్రూడ్రైవర్ కొన సన్నబడుతూ ఉంటుంది కాబట్టి గాడిలో పైపైనే పట్టి జారుతుంది. చితికిన స్క్రూ తలలు చూడగానే కొనేవాడు "ఎవరో తెలియనివాళ్లు విప్పారు" అని ధర తగ్గిస్తాడు. గాడికి సరిపడా వెడల్పు, మందం ఉన్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడి) బిట్ లేకపోతే విప్పకపోవడమే నయం.

తోలు తొడుగులోనూ స్పాంజి పెట్టెలోనూ దాచకండి. రెండూ తేమను పీల్చి ఉక్కుకు అంటగడతాయి. గాలిలో తేమ 40–50 శాతం ఉండే చోట, తాళం వేసిన ఉక్కు బీరువాలో, మూతి కిందికి వచ్చేలా నిలబెట్టాలి. మూతి పైకి ఉంటే నూనె మెల్లగా కిందికి దిగి, రిసీవర్ వెనక సాగిన తోక ఆనే చోట చెక్కలోకి ఇంకుతుంది. అక్కడ చెక్క నల్లబడి మెత్తబడిందంటే కారణం సాధారణంగా అదే. పట్టుకున్న ప్రతిసారీ వేలిముద్రలు తుడవాలి. చెమటలో ఉప్పుంటుంది.

పేల్చాలనుకుంటే ముందు గన్‌స్మిత్ చూడాల్సిందే. తూటా వెనక ఖాళీ ఎంతుందో కొలిచే గేజీల్లో "గో" మీద బోల్ట్ మూసుకోవాలి, "నో-గో" మీద మూసుకోకూడదు. "ఫీల్డ్" గేజి మీద కూడా మూసుకుంటే ఆ రైఫిల్ ఇక పేల్చేది కాదు. గొట్టం మీద చెక్కిన తూటా పేరునూ గుడ్డిగా నమ్మకూడదు. మధ్యలో ఎవరో చాంబర్‌ను వేరే తూటాకు కోయించి ఉండొచ్చు. 71–88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగే సెర్రోసేఫ్ అనే లోహాన్ని చాంబర్‌లో పోసి, అచ్చు తీసి, చల్లారిన గంటకు కొలిస్తే అసలు కొలత తెలుస్తుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ చేసిన 1903 రైఫిళ్లలో 8,00,000 కన్నా తక్కువ నంబరువి పేల్చవద్దన్నది పాత హెచ్చరిక. వాటి రిసీవర్ ఉక్కును గట్టిపరిచేటప్పుడు సరిగ్గా వేడి చేయకపోవడంతో పెళుసుగా ఉండి కొన్ని పగిలాయి. సొరుగులో దొరికిన పాత తూటాలతో పేల్చవద్దు. వాటిలో చాలావాటికి, మందును అంటించే ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉంటుంది, అది కాలాక ఉప్పులాంటిది మిగులుతుంది, అది నూనెలో కరగదు. పేల్చిన రోజే వేడినీళ్లతో కడగకపోతే గొట్టం లోపల గుంటలు పడతాయి. చెదరని పాత తూటాల పెట్టెకు మాత్రం విడిగా గిరాకీ ఉండొచ్చు, పారేయకండి.

కొత్తగా చేయించడం

మెరుగు చక్రం మీద పెట్టగానే రిసీవర్ పదును అంచులు గుండ్రబడతాయి, తయారీదారు అక్షరాలు, పరీక్షలో నెగ్గిందని కొట్టిన ప్రూఫ్ ముద్రలు మసకబారతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం పళ్లెంలా లోతు పడుతుంది. ఆ తర్వాత ఎంత మంచి నలుపు వేసినా తెలిసినవాళ్ల కంటికి వెంటనే దొరికిపోతుంది. చెక్క కూడా అంతే. సాధారణంగా చెక్క లోహం కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే లోహం కన్నా కిందికి దిగిపోతుంది, పట్టు కోసం చెక్కిన చెకరింగ్ మొనలు చదునవుతాయి. పోయిన చెక్క తిరిగి రాదు.

చేయించాల్సిన మరమ్మతు ఒకటుంది. రిసీవర్ తోక వెనక స్టాక్ చీలడం. ప్రతి దెబ్బకూ ఆ తోక చీల్చే చీలలా చెక్కలోకి దిగడంతో ఇది వస్తుంది. నూనె తాగిన చెక్కకు జిగురు పట్టదు. ముందు అసిటోన్‌లో కలిపిన సుద్దపొడి ముద్దను పూసి నూనె లాగేయాలి. అది ఎండి రాలిపోయాక ఎపాక్సీతో, లోపలి నుంచి పిన్ను వేసి అతికించి, తోక వెనక కాస్త ఖాళీ చేయాలి. ఆ ఖాళీ లేకపోతే అదే చోట మళ్లీ చీలుతుంది. పనిచేసే రైఫిల్‌కు ఇది ప్రాణం పోసే మరమ్మతు, పైకి దాదాపు కనబడదు.

ఇప్పటికే పాడుచేసిన రైఫిల్ అయితే మాట మారుతుంది. పూత ఎప్పుడో పోయి, స్టాక్ కోసి, బయటి రంధ్రాలు పడి ఉంటే బజారు ధర ఎలాగూ దిగిపోయింది. దాన్ని మనవరాలు వేటకు తీసుకెళ్లాలనుకుంటే మనసారా బాగు చేయించుకోవచ్చు. అప్పుడు కూడా ఆ అరిగిన చోటును వదిలేయమని పనివాడికి చెప్పండి.

అమ్మడం

ఇంట్లో లైసెన్సు తీసుకోగలిగేవాళ్లు లేకపోయినా, భద్రంగా దాచే వీలు లేకపోయినా అమ్మడమే మేలు. దాన్ని పట్టించుకునే చేతికి చేరడం నిర్లక్ష్యంగా మూలన పడి ఉండటం కన్నా గౌరవం. ధర కట్టేవాడు కొనేవాడు కాకూడదు. ఇన్సూరెన్స్ విలువ, పంపకాల విలువ, డీలర్ వెంటనే ఇచ్చే ధర వేర్వేరు. ఏది అడుగుతున్నారో ముందే చెప్పాలి. ప్రకటనల్లో అడిగే ధరలు కాకుండా అమ్ముడైన ధరలు చూడాలి. అరుదైనదైతే వేలం, మామూలుదైతే డీలర్. వేలంలో కమిషన్ ఎంతో, అంతకు దిగితే అమ్మని కనీస ధర ఎంతో రాతలో ఉండాలి.

ఒక రైఫిల్, ముగ్గురు పిల్లలైతే బయటివాళ్లతో పంపకాల విలువ కట్టించి, ఉంచుకునేవాళ్లు మిగతా ఇద్దరికీ వాటా ఇవ్వడం తేలిక దారి. మామూలు రైఫిల్‌కు భుజానికి తగిలించే పట్టీ ఒకరికి, వేట నోటుబుక్కు ఒకరికి ఇచ్చేయొచ్చు. అరుదైనదైతే అసలు పెట్టె, పట్టీ, రసీదు దానితోనే ఉంటేనే ధర. విడదీసే ముందు ధర కట్టించాలి.

పేలకుండా వెల్డింగ్ చేయించి గోడకు తగిలించడమనేది ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోని చోట చివరి దారి. ఆకారం మిగులుతుంది, డబ్బు విలువ దాదాపు పోతుంది, వెనక్కి తీసుకోలేరు.

ఏది తేల్చుకోకముందే ఒక పని చేయండి. రెండు వైపులా ఫొటోలు, ప్రతి ముద్రకూ ఒక దగ్గరి ఫొటో తీసి, సీరియల్ నంబరు, తూటా పేరు, ఎవరు ఎప్పుడు ఎక్కడ కొన్నారో ఒక కాగితం మీద రాయించండి. తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే, వాళ్ల చేతిరాతతో, కింద తేదీ సంతకాలతో. ఆ కాగితం రైఫిల్ ఉన్న బీరువాలో కాకుండా వేరే చోట ఉండాలి.