డంకన్ కోరల్: చెన్నై ఎండలో ఎంత గట్టిది?

రాతి పగడాల్లో మొదటిసారి ఏది కొనాలని ఎవరడిగినా నేను డంకన్ పేరే చెబుతాను. వేళచ్చేరిలో మా హాల్లోని ఉప్పునీటి అక్వేరియంలో కొన్నేళ్ళుగా ఉంది. తెచ్చినప్పుడు మూడు తలల ముక్క, ఇప్పుడు తలలు లెక్కపెట్టడం మానేశాను.

దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా సముద్రం. బూడిద రంగు గొట్టాల చివర పచ్చటి పాలిప్‌లు, అంటే నోరూ టెంటకిల్స్ ఉన్న ఆ తలలు, లైటు వెలిగాక మెల్లగా విచ్చుకుంటాయి. తిండి దగ్గర దీనికి మొహమాటం లేదు. మైసిస్ రొయ్య తగిలితే చాలు, మూసుకుని లోపలికి లాగేసుకుంటుంది. వారానికి ఒకటి రెండుసార్లు పెడితే సరిపోతుంది. కాకపోతే పంపు ఆపి పెట్టాలి, లేదంటే క్లౌన్ చేపలు దాని నోట్లోంచే లాక్కుపోతాయి.

నీళ్ళ విషయంలో పెద్ద పేచీ పెట్టదు. సాంద్రత 1.025, ఆల్కలినిటీ (నీటి క్షార నిల్వ) 8 నుంచి 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్), కాల్షియం 420 పీపీఎం దగ్గర ఉంచుతాను. అంకె కొంచెం తగ్గినా సర్దుకుంటుంది కానీ ఒక్కరోజులో మారిపోతే ముడుచుకుంటుంది. మొదట్లో నీళ్ళు మార్చడమే సరిపోయేది. తలలు పెరిగాక అస్థిపంజరం కట్టుకోవడానికి కాల్షియం బాగా లాగేస్తోంది, అందుకే ఆవిరైన నీళ్ళకు బదులు సున్నపు తేట పోస్తున్నాను. "బీచ్ పక్కన పెట్టుకుని ఉప్పు కొనడమేంట్రా?" అని మామయ్య ఇప్పటికీ నవ్వుతాడు. అడయారు నది వచ్చి కలిసే చోటి నీళ్ళు ట్యాంకులో పోసే ధైర్యం నాకు లేదు. ఆర్వో నీళ్ళు, కొన్న ఉప్పు, అంతే.

అసలు పరీక్ష మే నెలలో. నీళ్ళు 30 డిగ్రీలు దాటితే పాలిప్‌లు బయటికి రావు. అలాగే వదిలేస్తే దాని ఒంట్లో ఉండి తిండి తయారుచేసే నాచు బయటికి పోయి తెల్లబడుతుంది. బెంగళూరులో మా తమ్ముడు ఫ్యాన్‌తోనే నెట్టుకొస్తున్నాడు. ఫ్యాన్ చల్లబరిచేది నీళ్ళు ఆవిరైతేనే కదా, మన గాలిలో ఉన్న తడికి ఆ పప్పులు ఉడకవు. నీళ్ళు చల్లబరిచే యంత్రం, చిల్లర్, తప్పదు. కోరల్ కంటే చిల్లర్, దాని కరెంటు బిల్లే బరువు. చెన్నైవాళ్ళు ముందు చిల్లర్‌కి డబ్బు చూసుకుని ఆ తర్వాతే కోరల్ సంగతి ఆలోచించాలి.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు మీదే గడిపింది. వానలకు చల్లగా ఉండడం కలిసొచ్చింది. కరెంటు వచ్చాక కొన్నాళ్ళు ముడుచుకునే ఉండి, మళ్ళీ మామూలుగా విచ్చుకుంది.

కొనేటప్పుడు గొట్టం అంచున కండ ఊడి తెల్లటి ఎముక కనిపిస్తే వద్దనండి. కొళత్తూరు మార్కెట్లో చేపలు దొరికినంత తేలిగ్గా ఇది దొరకదు. ఎవరైనా మన్నార్ సింధుశాఖలో తీసిన పగడం చవగ్గా ఇస్తామంటే అసలు ముట్టుకోవద్దు. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. విదేశీ ముక్కైతే సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి, దిగుమతి కాగితాలు అడిగి నకలు తీసుకోండి. చూపించకుండా మాట దాటేసే దుకాణంలో ఉప్పు కూడా కొనను నేను.