ఉచిత న్యాయసహాయం: చేరడం సులువే, వాయిదాలే మనం చూసుకోవాలి

జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థ గుమ్మం చాలామంది చేతిలో డబ్బంతా అయిపోయాకే తొక్కుతారు. మొదట వెళ్లాల్సిందే అక్కడికి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేదు. నెలకు లక్ష జీతం తెచ్చుకునే ఉద్యోగిని కూడా భరణం కేసుకు ఉచిత లాయరును అడగొచ్చు. మిగతావాళ్ల ఆదాయ పరిమితి రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, సుప్రీంకోర్టు కేసులకైతే ఏడాదికి రూ.5 లక్షలు.

దరఖాస్తుతో పాటు ఆధార్, అర్హత రుజువు, కేసు కాగితాల జిరాక్సులు ఇవ్వాలి. రాయలేనివాళ్లు చెబితే అక్కడివాళ్లే రాసుకుంటారు. తేడా కొట్టేది రాతలోనే. ఎదుటివాళ్ల అన్యాయం రెండు పేజీలు రాస్తారు, తమకేం కావాలో రాయరు. భరణమా, బెయిలా, అప్పీలా అన్నది మొదటి వరుసలోనే ఉండాలి. అప్పీలైతే తీర్పు తేదీ తప్పనిసరి. గడువు దాటిందంటే ఆలస్యాన్ని మన్నించమని విడిగా పిటిషన్ వేయాలి.

కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు (ఎదుటివాళ్లకు సమన్లు పంపే ఖర్చు), తీర్పు నకళ్లు, టైపింగ్ ఖర్చు సంస్థదే. ప్యానెల్ లాయరు, అంటే సంస్థ మనకు పెట్టే లాయరు, 'చిల్లర ఖర్చులకు' అని అడిగితే ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. సెక్రటరీకి రాసివ్వండి, ఆ కుర్చీలో ఉండేది జడ్జే.

బలహీనత ఏమిటంటే, ప్యానెల్ లాయర్లకు దక్కే ఫీజు తక్కువ. కొందరు జూనియర్‌ను పంపి వాయిదా అడిగించి ఊరుకుంటారు. ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు తీసుకుని ఈకోర్ట్స్ యాప్‌లో ప్రతి వాయిదా ఏమైందో చూసుకోండి. వరసగా గైర్హాజరైతే లాయరును మార్చమని రాతపూర్వకంగా అడగొచ్చు.

మా లెక్కలో అన్నిటికన్నా పనికొచ్చేది శాశ్వత లోక్ అదాలత్. ఇన్సూరెన్స్, కరెంటు, నీళ్లు, రవాణా, ఆసుపత్రి సేవల తగాదాల్ని కోటి రూపాయల విలువ దాకా కోర్టు ఫీజు లేకుండా వింటుంది. మామూలు లోక్ అదాలత్‌లో రాజీ కుదరకపోతే కేసు కోర్టుకే తిరిగొస్తుంది, ఇక్కడ మాత్రం తీర్పే ఇచ్చేస్తారు. మెలిక రెండు చోట్ల ఉంది. కోర్టుకెక్కకముందే రావాలి, ఒకసారి ఇక్కడ దరఖాస్తు పెట్టాక అదే తగాదాతో కోర్టుకు వెళ్లడానికి లేదు. ఇక్కడి తీర్పు (దీన్నే అవార్డు అంటారు) మీద అప్పీలు ఉండదు, హైకోర్టులో రిట్ ఒక్కటే దారి.

ఎదుటివాళ్లు వాయిదాల్లో కడతామంటే తేదీలు, తప్పితే పడే వడ్డీ అవార్డులోనే రాయించుకోండి. అవార్డు సివిల్ డిక్రీతో సమానమే అయినా, డబ్బు రాకపోతే దాన్ని అమలు చేయించమని కోర్టులో ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేయక తప్పదు.