సప్లై చైన్‌లో వెట్టిచాకిరీ: ఆడిటా, నిషేధమా, ఒప్పందమా? ఏది మేలు?

బలవంతపు చాకిరీని సహించబోమని రాసుకోని పెద్ద బ్రాండ్ ఇవాళ దొరకడం కష్టం. అయినా చాకిరీ తగ్గలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ), అంతర్జాతీయ వలసల సంస్థ (ఐఓఎం), బానిసత్వంపై పనిచేసే వాక్ ఫ్రీ సంస్థ కలిసి వేసిన అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా 2 కోట్ల 76 లక్షల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారు. 2016 అంచనాలో ఆ సంఖ్య 2 కోట్ల 49 లక్షలు. ఈ రోజుల్లో కాళ్లకు సంకెళ్లు వేయడం అరుదే. తీర్చలేని అప్పు, లాక్కున్న పాస్‌పోర్టు, నెలల తరబడి ఆపేసిన జీతం ఉంటే సంకెళ్లతో పనేముంది?

దీన్ని సప్లై చైన్ (ముడిసరుకు నుంచి బ్రాండు దాకా సరుకు వచ్చే గొలుసు) వైపు నుంచి అరికట్టడానికి కంపెనీలు, ప్రభుత్వాలు రకరకాల దారులు పట్టాయి. ఫ్యాక్టరీల్లో ఆడిట్లు, చాకిరీని ఆపడానికి ఏం చేశామో చెబుతూ ఏటా విడుదల చేసే ప్రకటనలు, సరుకును రేవులోనే ఆపేసే నిషేధాలు, బ్రాండ్లు కార్మికులతో రాసుకునే ఒప్పందాలు, ముప్పును వెతికి సరిదిద్దమంటూ ఈమధ్య వస్తున్న డ్యూ డిలిజెన్స్ చట్టాలు. వీటిని బేరీజు వేయడానికి నాకు ఒక్క ప్రశ్న చాలు: నిజం బయటపడితే నష్టం ఎవరికి?

ఆడిట్

ఎక్కువ కంపెనీలు ముందు పట్టుకునేది దీన్నే. తనిఖీ ఖర్చు చాలాసార్లు ఫ్యాక్టరీ యజమానే పెట్టుకుంటాడు. ఎప్పుడు వస్తారో ముందే తెలుస్తుంది. ఆడిటర్‌కు దొరికేది ఒకటి రెండు రోజులు. హాజరు పట్టీలు రెండు రకాలుగా ఉండటం ఈ రంగంలో ఎవరికీ కొత్త కాదు: ఒకటి అసలు పని గంటలకు, ఇంకొకటి తనిఖీవాళ్లకు చూపించడానికి. కార్మికులను మాట్లాడించేది ఆఫీసు గదిలో. భాష తెలియకపోతే అనువాదం చేసేది ఏ హెచ్ఆర్ మనిషో. ఓవర్‌టైమ్ ఇష్టపడే చేస్తున్నారా అని ఆ గదిలో అడిగితే ఏ జవాబు వస్తుందో చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టులేవి అంటే, పోకుండా ఉండాలని లాకర్‌లో పెట్టామంటారు. కార్మికుడు సంతకం పెట్టిన అంగీకార పత్రం కూడా తీసి చూపిస్తారు. అది అతను చదవగలిగే భాషలో ఉందా అన్నది ఎవరూ అడగరు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. అసలు అప్పు ఫ్యాక్టరీ లెక్కల్లోనే ఉండదు. వలస కార్మికుడు విమానం ఎక్కకముందే, వడ్డీకి తెచ్చిన డబ్బు ఏజెంటు చేతిలో పోసి ఉంటాడు. రసీదు ఉండదు. ఇక్కడ జీతం నెలనెలా సరిగ్గా పడుతున్నా, ఆ అప్పు తీరేదాకా అతను పని మానేసి వెళ్లలేడు. రికార్డులన్నీ నిజాయితీగా ఉన్న ఫ్యాక్టరీలో కూడా ఇది జరగొచ్చు.

కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ 2012 సెప్టెంబరులో కాలిపోయి 250 మందికి పైగా చనిపోయారు. దానికి కొన్ని వారాల ముందే, కార్మికుల హక్కులు, భద్రత సరిగ్గా ఉన్నాయని చెప్పే ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. అది అగ్నిప్రమాదం, చాకిరీ కేసు కాదు, నిజమే. కానీ కిటికీల ఊచలు, తాళాలు వేసిన తలుపులు కళ్లకు కనిపించేవే కదా. వాటినే పట్టుకోలేని తనిఖీకి వేరే దేశంలో చేసిన అప్పు దొరుకుతుందా?

నిజం బయటపడితే ఫ్యాక్టరీకి ఆర్డరు పోతుంది, ఆడిటర్‌కు క్లయింటు పోతాడు, కార్మికుడికి పని పోతుంది. అందరూ కలిసి నోరు మూసుకోవడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు. యంత్రాల భద్రత, కనీస వేతనం లెక్క లాంటివి చూడటానికి ఆడిట్ ఉపయోగపడుతుంది, కాదనను. బానిసత్వాన్ని పట్టుకోవడానికి మాత్రం ఇది సరైన పనిముట్టు కాదు.

ప్రకటన

దీని గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. బ్రిటన్ 2015లో తెచ్చిన ఆధునిక బానిసత్వ చట్టం ప్రకారం 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, ఆపైన టర్నోవర్ ఉన్న కంపెనీలు తామేం చేస్తున్నాయో ఏటా చెప్పాలి. ‘మేమేమీ చేయలేదు’ అని రాసినా చట్టానికి సరిపోతుంది. ప్రకటన ఇవ్వకపోతే పడే జరిమానా అంటూ అందులో లేదు. ఆస్ట్రేలియా 2018లో దాదాపు ఇదే దారి పట్టింది. నిజం బయటపడినా, పడకపోయినా ఎవరికీ ఏమీ కాదు. తూతూమంత్రం అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు. ఒక్క మేలు ఉంది: కంపెనీ బోర్డు ఆ కాగితాన్ని ఆమోదించాలి, ఒక డైరెక్టరు సంతకం పెట్టాలి. రేపు ఏదైనా బయటపడితే ‘మాకు తెలియదు’ అనడం కొంచెం కష్టమవుతుంది.

నిషేధం

ఇక్కడ దెబ్బ వెంటనే తగులుతుంది. అమెరికా 1930 టారిఫ్ చట్టంలోని 307వ సెక్షన్ బలవంతపు చాకిరీతో తయారైన సరుకు దిగుమతిని నిషేధిస్తుంది. అయితే దేశంలో గిరాకీకి సరిపడా తయారుకాని సరుకుకు అందులో మినహాయింపు ఉండేది. ఆ సందు 2016లో మూశారు.

మలేసియాలోని టాప్ గ్లవ్ ప్రపంచంలోనే అతిపెద్ద చేతి తొడుగుల తయారీ సంస్థ. కోవిడ్ గిరాకీతో లాభాలు పొంగిపొర్లుతున్న 2020 జులైలో, దాని అనుబంధ సంస్థల సరుకును అమెరికా కస్టమ్స్ ఆపేసింది. అన్నేళ్ల ఆడిట్లు రాబట్టలేనిది ఆ ఒక్క ఉత్తర్వు రాబట్టింది. ఉద్యోగం కోసం ఏజెంట్లకు కట్టిన ఫీజుల కింద కంపెనీ తన వలస కార్మికులకు 13 కోట్ల రింగిట్‌లకు పైగా తిరిగి చెల్లించింది. 2021 సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు.

ప్రభుత్వమే చాకిరీ చేయించే చోట అయితే వేరే దారే లేదు. చైనాలోని షిన్‌జియాంగ్‌లో తనిఖీలు చేయబోమని 2020లో కొన్ని పేరున్న ఆడిట్ సంస్థలే చెప్పేశాయి. అక్కడ కార్మికుడు నిజం చెప్పే పరిస్థితే లేదు. 2022 జూన్ నుంచి అమలవుతున్న అమెరికా చట్టం, అక్కడి సరుకంతా బలవంతపు చాకిరీతో తయారైందనే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే భారం దిగుమతిదారుదే. బలవంతపు చాకిరీ సరుకుపై యూరోపియన్ యూనియన్ (ఈయూ) నిషేధం 2027 డిసెంబరు నుంచి అమల్లోకి రావాలి.

మరి లోపమేమిటి? నిషేధం సరుకును ఆపుతుంది, కార్మికుడి చేతిలో ఏమీ పెట్టదు. టాప్ గ్లవ్ దగ్గర డబ్బుంది, కట్టింది. అంత లాభం లేని ఫ్యాక్టరీ అయితే తలుపులు మూసేస్తుంది, లేదా అడ్డుచెప్పని ఇంకో దేశానికి సరుకు పంపుతుంది. అప్పు మాత్రం కార్మికుడి నెత్తినే ఉంటుంది.

ఒప్పందం

2007 నవంబరులో ఫ్లోరిడాలోని ఇమ్మోకలీలో, రాత్రి ట్రక్కులో పెట్టి తాళం వేసిన టమాటా కూలీలు పైకప్పులోని గాలి కంత పగలగొట్టుకుని బయటపడ్డారు. పెరట్లో గొట్టం నీళ్లతో స్నానం చేసినందుకు కూడా వాళ్ల కూలీలో 5 డాలర్లు కోసేవారు. మరుసటి ఏడాది నిందితుల్లో ఇద్దరు అన్నదమ్ములకు 12 ఏళ్ల చొప్పున జైలు పడింది. శిక్ష పడటం ఒక ఎత్తు, మళ్లీ జరగకుండా చూడటం ఇంకో ఎత్తు. అక్కడి కూలీల సంఘం ‘కొయలిషన్ ఆఫ్ ఇమ్మోకలీ వర్కర్స్’ అంతకు ముందే రైతుల వెంట పడటం మానేసి, వాళ్ల దగ్గర కొనే పెద్ద కంపెనీలను పట్టుకుంది. నాలుగేళ్ల బహిష్కరణ తర్వాత 2005లో ఫాస్ట్‌ఫుడ్ కంపెనీ టాకో బెల్ దిగొచ్చింది. అలా మొదలైన ‘ఫెయిర్ ఫుడ్ ప్రోగ్రామ్’ 2011 నాటికి ఫ్లోరిడా టమాటా పొలాల్లో అత్యధిక భాగానికి పాకింది.

అందులో బలం ఎక్కడుందంటే, కొనే కంపెనీ పౌనుకు ఒక సెంటు ఎక్కువ ఇస్తుంది. బలవంతపు చాకిరీ దొరికిన పొలం నుంచి కొనడం ఆపేస్తానని కాంట్రాక్టులో రాసిస్తుంది. ఇరవై నాలుగు గంటల హాట్‌లైన్ ఉంటుంది. హక్కులేమిటో తోటి కూలీలే వచ్చి, పని గంటల్లోనే, జీతం ఇస్తూ చెబుతారు. తనిఖీవాళ్లు కూలీల్లో కనీసం సగం మందితో మాట్లాడతారు. ఇక్కడ ఫోన్ చేసిన కూలీకి నష్టం లేదు. దాచిన యజమానికి ఉంది, చూసీచూడనట్టు కొన్న కంపెనీకీ ఉంది.

తమిళనాడులోని దిండిగల్‌లో 2022లో కుదిరిన ఒప్పందం కూడా ఈ కోవలోదే. ఒక యువ కార్మికురాలి హత్య తర్వాత, మహిళలు నడిపే యూనియన్, బట్టల తయారీ సంస్థ, బ్రాండు హెచ్ అండ్ ఎమ్ సంతకాలు పెట్టాయి. తర్వాత గ్యాప్, పీవీహెచ్ అనే బట్టల కంపెనీలు చేరాయి. 5 వేల మందికి పైగా కార్మికులు దాని కిందికి వచ్చారు. ఆ ఫ్యాక్టరీ సరుకుపై 2022 జులైలో పడ్డ అమెరికా నిషేధం సెప్టెంబరుకల్లా తొలగిపోయింది. టాప్ గ్లవ్‌కు ఏడాదికి పైగా పట్టిన పని అది. రెండు కేసుల తీవ్రత ఒకటి కాదనుకోండి. అయినా, పరిస్థితి మారిందని లోపలి నుంచి చెప్పగల యూనియన్ ఉండటం చిన్న విషయం కాదు.

దీని పరిమితి కూడా చెప్పాలి. సంఘం పెట్టుకోనివ్వని దేశంలో ఒప్పందం ఎవరితో రాసుకుంటారు? బట్టల బ్రాండుకు కుట్టే ఫ్యాక్టరీ తెలుసు. నూలు మిల్లు కొంత తెలుసు. పత్తి ఏరిందెవరో చాలామందికి తెలియదు. ఒప్పందం అంత దూరం వెళ్లడం అరుదు.

చట్టం మాటేమిటి?

కంపెనీ తన సప్లై చైన్‌ను పరిశీలించి, ముప్పున్న చోట చర్య తీసుకోవాలనే డ్యూ డిలిజెన్స్ చట్టం ఫ్రాన్స్‌లో 2017లో, జర్మనీలో 2023లో అమల్లోకి వచ్చింది. ప్రకటన చట్టం కన్నా ఇది ఎంతో నయం, ఎందుకంటే కోర్టుకు వెళ్లే వీలుంది. ఫ్రాన్స్‌లో తపాలా సంస్థ లా పోస్ట్‌పై ఒక యూనియన్ వేసిన కేసులో 2023 డిసెంబరులో తీర్పు వచ్చింది. ముప్పు ఎక్కడెక్కడ ఉందో సరిగ్గా గుర్తించి, ప్రణాళిక సవరించమని కోర్టు చెప్పింది. గెలిచారు గానీ, చేతికొచ్చింది ఇంకో కాగితమే. 2024లో ఈయూ మొత్తానికీ ఇలాంటి ఆదేశం వచ్చింది. అది అమలు కాకముందే పలచన చేసే పని మొదలైంది.

కాబట్టి నా లెక్క ఇది. సంఘం ఉన్న చోట ఒప్పందం, దానికి దన్నుగా నిషేధం భయం. ప్రభుత్వమే చాకిరీ చేయించే చోట నిషేధం ఒక్కటే. ఆడిట్ మీద పెట్టే డబ్బులో సగం హాట్‌లైన్‌కు, కార్మికుల భాష తెలిసిన మనుషులకు మళ్లిస్తే ఎక్కువ తెలుస్తుంది.

ఒప్పందం కుదుర్చుకునే స్తోమత లేని చిన్న కొనుగోలుదారు కూడా ఒక పని చేయొచ్చు. సప్లయర్ ఇచ్చే కొటేషన్‌లో నియామక ఖర్చు విడిగా చూపమని అడగాలి, దాన్ని ధరలో కలిపి తానే భరించాలి. వలస కార్మికులతో నడిచే ఫ్యాక్టరీ ఆ గడిలో సున్నా వేసిందంటే, ఆ డబ్బు కార్మికులే కట్టి ఉంటారు. ఎవరికి, ఎంత కట్టారని వాళ్లనే అడగాలి, ఆ ఆఫీసు గదిలో కాకుండా.